ఫిరంగుల కొట్టంలో సెట్ల తయారీ: వియన్నా ఆర్సెనల్

రంగస్థల సాంకేతిక విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఒక సెట్టు ఎంత పెద్దదిగా ఉండాలో ఎవరు తేలుస్తారని అడిగితే కొందరు డిజైనర్ అంటారు, కొందరు దర్శకుడు అంటారు, డబ్బు పెట్టేవాళ్ళని కూడా అంటారు. సెట్టు కట్టేవాళ్ళను అడిగితే మాత్రం తలుపు అని చెబుతారు. తయారు చేసే చోటు నుంచి వేదిక దాకా ఉన్న దారిలో అన్నిటికన్నా చిన్న తలుపు ఏదో ముందు కనుక్కోవాలి. సెట్టులో ప్రతి ముక్కా ఆ తలుపుకు లోబడే పుడుతుంది. ఈ మాటను కళ్ళకు కట్టేలా చూపించే చోటు ఒకటుంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఆర్సెనల్ అనే పాత సైనిక సముదాయం. స్టేట్ ఒపేరా, బుర్గ్ థియేటర్, ఫోక్స్ ఒపేరా అనే మూడు ప్రభుత్వ నాటకశాలల సెట్లు తయారయ్యేది అక్కడే. ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం.

ముందు అది ఎందుకు కట్టారో చెబుతాను. 1848 అక్టోబరులో వియన్నాలో తిరుగుబాటు జరిగింది. జనం యుద్ధమంత్రి లాటూర్‌ను చంపారు, ఊరి నడిబొడ్డున ఉన్న ఆయుధాగారం మీద పడి తుపాకులు ఎత్తుకుపోయారు. ఆయుధాలు ఊళ్ళో ఉంటే ఊరి చేతికే చిక్కుతాయని రాజుకు అర్థమైంది. అందుకని ఊరి బయట, రైలు మార్గం పక్కన, నాలుగువైపులా కోటలాగా ఇటుక భవనాలు లేపారు. 1849లో మొదలై 1856కు పూర్తయింది. మొత్తం 31 కట్టడాలు: బారకులు, తుపాకుల కర్మాగారం, ఫిరంగుల పోత, గిడ్డంగులు, మ్యూజియం. ఒక్కొక్క కట్టడానికీ ఒక అంకె ఇచ్చారు. ఇవాళ్టికీ అక్కడ చిరునామా అంకెతోనే చెబుతారు. సెట్ల కార్యశాలలు ఉన్నది 19వ అంకె దగ్గర.

ఈ ఆర్సెనల్ కట్టిన వాస్తుశిల్పుల్లో సికార్డ్స్‌బుర్గ్, వాన్ డెర్ న్యూల్ అనే జంట ఉంది. తర్వాత వియన్నా ఒపేరా హౌస్, అంటే ఇవాళ్టి స్టేట్ ఒపేరా, రూపకల్పన చేసింది కూడా ఆ ఇద్దరే. అది 1869లో తెరుచుకుంది. సెట్టు పుట్టే చోటుకూ, ప్రదర్శన జరిగే చోటుకూ ఒకే చేతులు గీతలు గీశాయన్నమాట. అప్పట్లో ఈ రెంటికీ సంబంధం కలుస్తుందని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

ఎందుకంటే ఆ రోజుల్లో సెట్ల కొట్టం వేరే ఉండేది. 1874 నుంచి 1877 మధ్య గాట్‌ఫ్రీడ్ జెంపర్, కార్ల్ హాసెనవర్ కలిసి రాజాస్థాన నాటకశాలల కోసం ఒపేరాకు దగ్గర్లోనే సెట్ల గిడ్డంగి కట్టారు. దాన్ని జెంపర్ డిపో అంటారు. అందులో కింది నుంచి పై కప్పు దాకా ఖాళీగా వదిలిన ఒక నిలువు మధ్య హాలు ఉంది. చుట్టూ అంతస్తులు, మధ్యలో బావిలాంటి చోటు. ఎందుకలా వదిలారు? చుట్టిన వెనక తెర పొడవు పదిహేను, ఇరవై మీటర్లు ఉంటుంది. అది మెట్ల మలుపు తిరగదు. అందుకే దాన్ని ఆ బావిలోంచి నిలువుగా ఎక్కించి దించేవాళ్ళు. తలుపు సమస్యకు అంత తెలివైన జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1945 మార్చి 12న బాంబులు పడి ఒపేరా హౌస్ తగలబడింది. సుమారు 120 ఒపేరాల సెట్లు, లక్షన్నర దాకా దుస్తులు బూడిదయ్యాయి. ఆర్సెనల్ మీదా బాంబులు పడ్డాయి. ఎరిక్ బోల్టెన్‌స్టెర్న్ ఒపేరాను తిరిగి కట్టాక 1955 నవంబరు 5న మళ్ళీ తెర లేచింది. సెట్లన్నీ మొదటి నుంచి చేసుకోవాల్సిన స్థితి. ఆ బోల్టెన్‌స్టెర్న్ చేతనే ఆర్సెనల్‌లో అలంకరణ కార్యశాలలు, సెట్ల గిడ్డంగి 1960ల తొలినాళ్ళలో కట్టించారు. 1999లో ప్రభుత్వ నాటకశాలలను కంపెనీలుగా విడదీసినప్పుడు ఈ కార్యశాలలు కూడా ఒక సేవా సంస్థ కిందికి వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. సైనిక సముదాయం సెట్ల పనికి ఎందుకు నప్పుతుంది, ఎక్కడ నప్పదు?

నప్పేది ముందు. ఫిరంగి బండి, గుర్రాలు, మందుపెట్టెల బండి ఆగకుండా వెళ్ళాలి కాబట్టి గేట్లు వెడల్పు, ఆవరణ విశాలం. పెద్ద లారీ వెనక్కి తిప్పుకోవడానికి చోటు ఉంటుంది. నేల బరువు మోస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పని ఎక్కడ జరగాలో దాన్ని విడివిడి కట్టడాల్లో పెట్టే పద్ధతి. మందుగుండు ఉన్నచోట కొలిమి పెట్టరు కదా. మనకూ అదే కావాలి. రంపపు పొట్టు గాల్లో తేలుతున్న చోట వెల్డింగ్ నిప్పురవ్వ ఎగిరితే పొగ కాదు వచ్చేది, పేలుడు. అందుకే వడ్రంగం, ఇనప పని, స్ప్రే రంగు ఒకే కప్పు కింద ఉండకూడదు.

నప్పనిది రెండు సంగతులు. ఒకటి స్తంభాలు. పందొమ్మిదో శతాబ్దపు ఇటుక కమాను ప్రతి కొన్ని మీటర్లకూ కాలు దించుతుంది. ఇరవై మీటర్ల తెరను నేల మీద పరచాలంటే మధ్యలో ఒక్క స్తంభం కూడా ఉండకూడదు. అందుకే పాత సముదాయంలో చోటు తీసుకున్నా, తెరలకు రంగులు వేసే చిత్రశాల లాంటివాటికి కొత్త హాలు కట్టక తప్పదు. రెండోది చెమ్మ. మందమైన ఇటుక గోడ చలికాలమంతా చల్లదనాన్ని లోపల దాచుకుంటుంది. వసంతంలో మొదటి వెచ్చని రోజున ఎవరో సరదాపడి పెద్ద తలుపులు బార్లా తీస్తారు. బయటి తేమగాలి లోపలికొచ్చి చల్లటి గోడను తాకి నీరవుతుంది, గోడకు ఆనించిన తెరల మీద బూజు పడుతుంది. కప్పు కారిందేమోనని పైకి చూస్తారు గానీ నీళ్ళు వచ్చింది తలుపులోంచి. కాబట్టి ఏ తెరా గోడకు అడుగు దూరం లోపు పెట్టకూడదు, మొదటి వెచ్చని రోజుల్లో తలుపులు మూసే ఉంచాలి.

ఇక పని ఎలా నడుస్తుందో చూద్దాం.

డిజైనర్ నమూనా తెస్తాడు. మామూలుగా 1:25 కొలత, అంటే వేదిక మీద మీటరు నమూనాలో నాలుగు సెంటీమీటర్లు. దాన్ని చూసి వెంటనే కట్టడం మొదలుపెట్టరు. ముందు వేదిక మీద చౌక చెక్కలు, కోరా గుడ్డలు, తాళ్ళు కట్టి సెట్టు ఆకారం నిలబెట్టి చూస్తారు. జర్మన్ మాట్లాడే దేశాల్లో దీన్ని బావ్‌ప్రోబె అంటారు. పై బాల్కనీ మూల సీట్లో కూర్చున్నవాడికి గాయకుడి తల కనిపిస్తుందా, పక్క గోడ వెనక దాగున్నవాళ్ళు కనిపించిపోతున్నారా అని అక్కడే తేలుతుంది. ఆ రోజు గోడను అర మీటరు జరపడానికి పది నిమిషాలు. కట్టిన తర్వాత జరపాలంటే పది రోజులు. మనవైపు ఈ అలవాటు లేదు, తప్పకుండా రావాలి.

కొలతలు ఖాయమయ్యాక తలుపు లెక్క. సెట్టును లారీ మీద తీసుకెళ్ళే ప్రామాణికమైన ఇరవై అడుగుల కంటైనర్ తీసుకుందాం. లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, తలుపు వెడల్పు సుమారు 2.34, ఎత్తు సుమారు 2.28. అయితే ఫ్లాట్, అంటే ఫ్రేము మీద ప్లైవుడ్ కొట్టిన గోడ ముక్క, 2.28 మీటర్ల వెడల్పు ఉండొచ్చా? ఉండకూడదు. ఫ్లాట్‌ను అంచు మీద నిలబెట్టి చక్రాల బండి మీద తోస్తారు. బండి ఎత్తు పదిహేను సెంటీమీటర్లు తీసేయండి, చెయ్యి ఆడటానికి మూడు సెంటీమీటర్ల సందు తీసేయండి. మిగిలేది 2.1 మీటర్లు. కాబట్టి మన ఫ్లాట్ 5.8 బై 2.1.

దాని బరువు వేద్దాం. 40 బై 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, రేకు మందం 2 మిల్లీమీటర్లు. మీటరుకు దాదాపు 2.4 కిలోలు. రెండు నిలువులు, ఐదు అడ్డాలు కలిపి 22 మీటర్లు, అంటే 53 కిలోలు. దాని మీద 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొడితే ఇంకో 66 కిలోలు. 4 మిల్లీమీటర్లది కొడితే 29. ఒక ఫ్లాట్ దగ్గర తేడా 37 కిలోలు. సెట్టులో ఇరవై ఫ్లాట్లుంటే 740 కిలోలు. స్టేట్ ఒపేరా లాంటి చోట ఇవాళ ఒక ఒపేరా, రేపు వేరే ఒపేరా. పగలు రిహార్సల్‌కు ఇంకోటి. ఆ 740 కిలోలను ప్రతిసారీ ఎక్కించి దించేది మనుషులే. గట్టిగా ఉంటుందిలే అని మందం ప్లై కొట్టించేవాళ్ళు ఆ నడుముల సంగతి కూడా ఆలోచించాలి. గట్టిదనం ప్లైలో లేదు, ఫ్రేము మూలల్లో ఉంది.

మూలల దగ్గరే తప్పులు జరుగుతాయి. ఒక మూల పూర్తిగా వెల్డ్ చేసి తర్వాత ఇంకో మూలకు వెళితే, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని ఫ్రేమును ఒకవైపు లాగేస్తుంది. ముందు అన్ని మూలలకూ చుక్క వెల్డింగ్ పెట్టాలి. రెండు కర్ణాలూ టేపుతో కొలవాలి. మన ఫ్రేముకు రెండూ 6.17 మీటర్లు రావాలి. రెండింటికీ తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే చుక్కలు విరగ్గొట్టి మళ్ళీ సర్దాలి. ఆ తర్వాతే ఎదురెదురు మూలలు మార్చుకుంటూ పూర్తి వెల్డింగ్. మూలమట్టం ఒక్కటి పెట్టి చూసి వదిలేస్తే చాలదు. చిన్న మూలమట్టం దగ్గర కనపడని వంకర ఆరు మీటర్ల పైన వేలు దూరేంత సందు అవుతుంది. వెనక దీపం వెలిగిస్తే ఆ సందులోంచి వెలుగు గీత ప్రేక్షకుడి కంట్లో పడుతుంది.

ఒక్కో ఫ్లాట్ మిల్లీమీటరు ఎక్కువైనా ఇరవై ఫ్లాట్ల గోడ రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. చివరి తలుపు చట్రం కూర్చోదు. అందుకని కార్యశాలలోనే మొత్తం సెట్టు ఒకసారి నిలబెట్టి చూస్తారు. ఫ్లాట్లను కలిపేది మేకులతో కాదు, పిన్ను లాగితే విడిపోయే లూజ్ పిన్ బందులతో, బరువు మోసేచోట బోల్టులతో. ఒక సెట్టంతటికీ ఒకే సైజు బోల్టు పెట్టడం మంచి పద్ధతి. చీకట్లో రెంచి వెతుక్కునే పని ఉండదు.

ఇప్పుడు చిత్రశాల. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, కాస్త ఎక్కువసేపు ఉందాం.

మన సురభి తెరలు చూసినవాళ్ళకు వెనక తెర అంటే వివరించక్కర్లేదు. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ సమాజం దర్బారు, అడవి, వీధి తెరలను వెదురుకు చుట్టి ఊరూరా తీసుకెళ్ళింది. ఆ తెరల కొలతనూ ప్రయాణమే తేల్చింది. సురభి అడవి ఒక్కటే అనేక నాటకాలకు పనికొస్తుంది, వియన్నాలో ఏ ఒపేరా తెర దానిదే.

ఐరోపా ప్రధాన భూభాగంలో తెరను నేల మీద పరిచి, దాని మీద నడుస్తూ రంగులు వేస్తారు. ఇంగ్లండు పద్ధతిలో నిలువు చట్రానికి కట్టి వేస్తారు. నేల పద్ధతిలో రంగు కారిపోదు, పల్చటి రంగు తడిమీద తడిగా కలపొచ్చు. ఆకాశం వేయడానికి అంతకు మించింది లేదు.

ఇరవై మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల ఎత్తు తెర అనుకుందాం. 240 చదరపు మీటర్లు. కోరా నూలు గుడ్డ చదరపు మీటరుకు 200 గ్రాములైతే వట్టి గుడ్డే 48 కిలోలు. నేల చెక్కది అయి ఉండాలి, స్టేపుల్ దిగాలి కదా. ముందు నేల మీద మందపాటి కాగితం పరుస్తారు. లేకపోతే గంజి కిందికి దిగి గుడ్డ నేలకు అంటుకుంటుంది, లేపేటప్పుడు చిరుగుతుంది. ప్లాస్టిక్ పరిస్తే నీళ్ళు మడుగు కట్టి రంగు అంచులు గీతలుగా మిగులుతాయి.

గుడ్డను పైఅంచు మధ్యలో మొదలుపెట్టి మూలల వైపు స్టేపుల్ కొట్టాలి. తర్వాత కింది అంచు మధ్య నుంచి. ఆపైన పక్కలు. మూల నుంచి మొదలుపెడితే నేత ఏటవాలుగా లాగుకుని, వేలాడదీసినప్పుడు అడ్డంగా ముడతలు పడుతుంది, ఆ ముడతలు ఇక పోవు. పది సెంటీమీటర్లకు ఒక స్టేపుల్ చొప్పున చుట్టూ 64 మీటర్లకు 640 స్టేపుల్స్.

ఇప్పుడు పల్చటి గంజితో మొత్తం తడపాలి. నూలు ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. కొత్తవాళ్ళ పెద్ద తప్పు ఇక్కడే. తడపకుండా నేరుగా బొమ్మ గీసేస్తారు. తర్వాత రంగు నీళ్ళతో గుడ్డ వందకు మూడు పాళ్ళు ముడుచుకున్నా ఇరవై మీటర్ల దగ్గర అరవై సెంటీమీటర్లు పోతుంది. నిట్టనిలువు స్తంభాలు వంకర తిరుగుతాయి. తడిపి, రాత్రంతా ఆరనిచ్చి, అప్పుడు బొగ్గుపొడి పట్టించిన దారం కొట్టి మీటరు గళ్ళు వేయాలి. డిజైనర్ బొమ్మ మీదా అవే గళ్ళు. ఒక్కో గడిలో ఏముందో చూసి, కర్ర చివర కట్టిన బొగ్గుతో నిలబడే గీస్తారు. కుంచెల పిడులు కూడా చీపురు కర్రంత పొడవు. కాళ్ళకు శుభ్రమైన మెత్తటి చెప్పులు.

కాళ్ళ దగ్గర చూస్తే అన్నీ మరకలే కనిపిస్తాయి. ఒక ఆకు తలుపంత ఉంటుంది. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే పైనున్న వంతెన ఎక్కి చూడాలి. బైనాక్యులర్‌ను తిరగేసి, పెద్ద అద్దం కంటికి ఆనించుకుని చూస్తారు. అప్పుడు తెర ముప్పై మీటర్ల అవతల ఉన్నట్టు చిన్నదై, మరకలు అడవి అవుతాయి. ఈ చిట్కాకు రూపాయి ఖర్చు లేదు.

రంగు ఎప్పుడూ పల్చగానే. మందంగా పూస్తే మడతలో పగులుతుంది, పొలుసులు రాలుతుంది. పాత పద్ధతిలో వజ్రం జిగురు, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు, కలిపేవాళ్ళు, ఇప్పుడు నీటిలో కరిగే సింథటిక్ బైండర్లు. జిగురు తక్కువైతే రంగు చేతికి అంటుతుంది, ఎక్కువైతే దీపం కింద నిగనిగలాడి ఆకాశం రేకులా కనిపిస్తుంది. వల తెర అయితే ఇంకా జాగ్రత్త. ముందు నుంచి వెలుగు పడితే గోడలా, వెనక వెలిగితే మాయమయ్యేలా పని చేసేది ఆ రంధ్రాల వల్లే. రంగు కన్నాలు పూడ్చేసిందంటే మాయ పోయినట్టే.

శిల్పాల సంగతి క్లుప్తంగా. రాతి విగ్రహం లోపల ఉండేది థర్మోకోల్. వేడి తీగతో కోసి, కత్తితో చెక్కి, పైన గుడ్డ ముక్కలు నీటి జిగురుతో అంటిస్తారు. ద్రావకం ఉన్న జిగురు వాడితే థర్మోకోల్ కరిగి లోపల గుల్లవుతుంది. వేడి తీగ పొగ పీల్చకూడదు, గాలి లాగే యంత్రం తప్పనిసరి.

చక్రాల వేదికల దగ్గర ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. నాలుగు చక్రాలున్నా బరువు మూడింటి మీదే ఉందని లెక్కించాలి, ఎందుకంటే ఏ నేలా నిజంగా సమతలం కాదు. వేదిక బరువు 300, పైన ఆరుగురు మనుషులు 450, మొత్తం 750. చక్రం ఒక్కోటి కనీసం 250 కిలోలు మోయాలి, 190 కాదు. గిడ్డంగిలో పెట్టేటప్పుడు కింద దిమ్మలు పెట్టి చక్రాలను గాల్లోకి లేపాలి. నెలల తరబడి ఒకేచోట నొక్కుకుంటే చక్రం ఒకవైపు చదునైపోతుంది. ఆ తర్వాత నిశ్శబ్దంగా సాగాల్సిన ఘట్టంలో టకటకమని చప్పుడు చేస్తుంది.

గిడ్డంగి ఎంత ముఖ్యమో చెప్పడానికి వియన్నాలో ఒక ఉదాహరణ చాలు. అక్కడ ఆడుతున్న తోస్కా అనే ఒపేరా ప్రదర్శన 1958లో మొదలైంది, అలంకరణ నికోలా బెనువాది. ఆరు వందల పైచిలుకు ప్రదర్శనలు దాటింది. అంటే ఆ తెరలు, ఆ ఫ్లాట్లు అన్నిసార్లు లారీ ఎక్కి దిగాయి. ఆర్సెనల్ నుంచి ఒపేరాకు దారి సుమారు మూడు కిలోమీటర్లే గానీ, అరిగేది దూరం వల్ల కాదు, ఎక్కించి దించడం వల్ల. అంచులు ముందు పోతాయి. అందుకే అంచుకు విడిగా ఊడదీయగలిగే చెక్క పట్టీ వేస్తే, పట్టీ మారిస్తే చాలు, బొమ్మ జోలికి వెళ్ళక్కర్లేదు. రంగు అతుకు వేసేటప్పుడు కార్యశాల ట్యూబులైటు కింద సరిపోయిన రంగు వేదిక దీపం కింద వేరేగా కొడుతుంది, కాబట్టి వేదిక దీపం ఒకటి పక్కన పెట్టుకునే కలపాలి. ప్రతి ముక్క వెనకా నాటకం పేరు, అంకం, ముక్క అంకె, పైకి ఏ వైపు అనే బాణం. కాగితం అంటిస్తే ఊడిపోతుంది, స్టెన్సిల్‌తో రంగు వేయాలి.

చివరిగా నిప్పు. వియన్నాలో ఈ మాట తేలిగ్గా తీసుకోరు. 1881 డిసెంబరు 8న రింగ్ థియేటర్‌లో గ్యాస్ దీపాలు వెలిగించేటప్పుడు మొదటిసారి అంటుకోలేదు, గ్యాస్ బయటికి పోగుపడింది. రెండోసారి ముట్టించగానే పైన వేలాడుతున్న తెరలు అంటుకున్నాయి. మంట ప్రేక్షకుల వైపు రాకుండా వేదిక ముందు దించే ఇనప తెర దించలేదు. తలుపులు లోపలికి తెరుచుకునేవి, జనం తోసుకున్నకొద్దీ అవి మూసుకుపోయాయి. అధికారిక లెక్కన 384 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఇనప తెర, బయటికి తెరుచుకునే తలుపులు, సెట్లకు మంట పట్టని మందు చట్టంలోకి వచ్చాయి.

ఆ మందులో బొరాక్స్, బోరిక్ ఆమ్లం, అమోనియం ఫాస్ఫేట్ లాంటి లవణాలుంటాయి. నీటిలో కలిపి గుడ్డ తాగేదాకా పట్టించాలి. మందు పట్టించి ఆరాక గుడ్డ మళ్ళీ నీళ్ళలో తడిస్తే మందు మిగలదు, నీళ్ళతో పోతుంది. చెమ్మ గిడ్డంగిలో అదే మందు తెల్లటి పొడిలా పైకి తేలుతుంది, స్టేపుల్స్‌కు తుప్పు పట్టిస్తుంది. తెల్లమచ్చ కనిపిస్తే దులిపి ఊరుకోకండి, పరీక్ష చేయండి. ప్రతి తెరకూ కింది అంచున మడతలో ఇందుకోసమే అదనంగా గుడ్డ వదులుతారు.

నేను ఇక్కడికి రెండు గుడ్డ పట్టీలు తెచ్చాను, ఒకటి మందు పట్టించింది, ఒకటి కోరాది. బయట ఆవరణలో బకెట్టు నీళ్ళు, తడి గోనెసంచి పెట్టించాం. పట్టీని పటకారుతో నిలువుగా పట్టుకుని కింది అంచుకు పది పన్నెండు సెకన్లు మంట చూపించాలి. మంట తీయగానే దానంతటది ఆరిపోవాలి, నిప్పు చుక్కలు కింద రాలకూడదు. గాలికి ఎదురుగా నిలబడకండి. జుట్టు ముడేసుకోండి, చున్నీలు, కండువాలు కుర్చీల మీద వదిలేసి రండి. ముందు కోరా గుడ్డ కాలుద్దాం.